మొదటిసారి ఫోన్ చేస్తున్నారా అండీ?

"మీ కాల్ మాకు ఎంతో విలువైనది" అని ఫోన్లో ఒక గొంతు మొదలుపెట్టగానే నాకు ఒళ్ళు మండుతుంది. మొన్న గ్యాస్ స్టవ్ కంపెనీకి ఫోన్ చేసి, ఒకే సంగతి వరసగా ఫోనెత్తిన ముగ్గురు పిల్లలకు చెప్పాను. ముగ్గురూ ఎంతో మర్యాదగా "సమస్య ఏంటో చెప్పండి మేడమ్" అన్నారు. పక్కన కూర్చున్న మా అల్లుడు నవ్వాపుకోలేక, "మీరు చేసిన ఉద్యోగమే కదా అత్తయ్యా, వాళ్ళ మీద విసుక్కుంటారేం?" అన్నాడు. నేను చేసిన ఉద్యోగం కాబట్టే ఆ విసుగు. ఆ పిల్లల ముందున్న తెర మీద ఏం కనపడుతోందో, ఏం కనపడటం లేదో నాకు మా ఇంట్లో కూర్చునే తెలుస్తుంది.

మీలో అలాంటి కుర్చీల్లో కూర్చున్నవాళ్ళు ఉంటే ఈ జనరేటర్ సంగతి వినండి.

మా కంపెనీ డీజిల్ జనరేటర్లు అమ్మేది, అమ్మినవాటికి సర్వీసు చేసేది. ఆఫీసు విజయవాడ ఆటోనగర్లో. ఐస్ ఫ్యాక్టరీలు, రైస్ మిల్లులు, కల్యాణ మండపాలు, నర్సింగ్ హోములు, చేపల చెరువుల వాళ్ళు, ఇటు గుడివాడ నుంచి అటు అవనిగడ్డ దాకా కరెంటు పోతే మా పేరు తలుచుకునేవాళ్ళే, మంచికో చెడ్డకో. నేను తొంభైల మొదట్లో సర్వీసు విభాగంలో చేరాను. వచ్చిన ఫోను ఎత్తి, ఫిర్యాదు విని, మెకానిక్‌ను పంపడం నా పని. అప్పట్లో అంతా ఒకే గది. రెండు ఫోన్లు, ఒక పొడుగాటి బెంచీ, దాని మీద మెకానిక్కులు. నేను ఫోన్ చేత్తో మూసి "ఉయ్యూరు రైస్ మిల్లు, మళ్ళీ వేడెక్కుతోందంట!" అని కేక వేస్తే, బెంచీ మీంచి ఎవరో ఒకరు "రేడియేటర్ మార్పించమని పోయినసారే చెప్పొచ్చానండి, మార్చారేమో అడగండి" అనేవారు. అంతే, సగం పని అక్కడే అయిపోయేది.

ఆ పద్ధతి గొప్పదని చెప్పడం లేదు. ఆ మెకానిక్ మేనమామ కూతురి పెళ్ళికి వెళితే ఆ జ్ఞాపకం కూడా పెళ్ళికి వెళ్ళిపోయేది. అందుకే, రెండువేలు దాటాక, హైదరాబాద్ హెడ్డాఫీసు వాళ్ళు కస్టమర్ల వివరాలన్నీ కంప్యూటర్లోకి ఎక్కించే సాఫ్ట్‌వేర్ వస్తోందని చెప్పినప్పుడు ఆఫీసులో అందరికంటే ఎక్కువ సంబరపడింది నేనే.

నేర్పడానికి హైదరాబాద్ నుంచి ఒక కుర్రాడు వచ్చాడు. సన్నగా, తెల్ల చొక్కా, మాట్లాడితే "అండీ" లేకుండా మాట్లాడడు. కస్టమర్ నంబరు కొట్టగానే అతని పేజీ తెరుచుకుంటుందన్నాడు. పైభాగంలో మనం ఇంకా చేయాల్సిన పనులు. కింద చరిత్ర. అంటే ఆ మనిషితో ఇదివరకు మనం మాట్లాడినవి, పంపినవి, వెళ్ళి చూసినవి. పని పూర్తయిందని ఒక్క నొక్కు నొక్కితే పైనున్నది కిందకి దిగిపోతుంది. చూడముచ్చటగా ఉంది. నేను చప్పట్లు కూడా కొట్టాను.

ఆ ముచ్చట వినాయక చవితి దాకా కూడా నిలవలేదు.

ఆ చరిత్రలో ఐదు వరసలే కనపడేవి. కొత్తది పైన, పాతది కింద. ఒక్కో వరసకు తేదీ, ఒక ముక్క శీర్షిక, పక్కన "పూర్తి" అన్న మాట. లోపల ఏం రాశామో చూడాలంటే దాని మీద నొక్కాలి. ఐదు దాటినవి కావాలంటే చివర చీమ తలకాయంత అక్షరాలతో "అన్నీ చూపించు" అని ఉండేది. అది నొక్కితే, ఆనాటి ఇంటర్నెట్ మీద, మీరు బయటికి వెళ్ళి టీ తాగి రావచ్చు. అవతల కస్టమర్ లైన్లో ఉండగా టీ తాగడం కుదరదు కనక ఎవరూ దాన్ని నొక్కేవారు కాదు.

పోనీ ఆ ఐదైనా పనికొచ్చేవా? హెడ్డాఫీసు వాళ్ళు ప్రతి పండక్కీ కస్టమర్లకు సెల్‌ఫోన్లో శుభాకాంక్షలు పంపేవారు. అవీ చరిత్రలోకే. సర్వీసు కాంట్రాక్టు గడువు దగ్గర పడిందని పంపే హెచ్చరికలు, అవీ చరిత్రలోకే. మనిషి గొంతు చించుకుని చేసిన ఫిర్యాదుకీ, మనం కస్టమర్లందరికీ ఒకేసారి విసిరిన దసరా శుభాకాంక్షలకీ ఆ తెర మీద ఒకే ఎత్తు, ఒకే రంగు. ఒక పండగ నెల వచ్చిందంటే ఫిర్యాదులన్నీ తెర కిందకి జారిపోయేవి.

ఇంకో తిరకాసు ఉంది. పేజీ మనిషికి, మిషనుకు కాదు. యజమాని ఫోన్ చేస్తే యజమాని పేజీ. మర్నాడు ఆయన గుమస్తా అదే జనరేటర్ గురించి ఇంకో నంబరు నుంచి చేస్తే కొత్త మనిషి, కొత్త పేజీ, ఖాళీ చరిత్ర.

కుర్రాడికి ఫోన్ చేసి చెప్పాను. "అది సిస్టమ్ అలాగే డిజైన్ చేశారండీ" అన్నాడు. ఎన్నిసార్లు అడిగినా అదే జవాబు. వాన పడుతోంది, గొడుగు కావాలంటే, ఆకాశం అలాగే డిజైన్ చేశారండీ అన్నట్టు.

వీటన్నిటి మీదా మా సర్వీసు మేనేజర్ గారు. మనిషి చెడ్డవాడు కాదు. ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోతే తన స్కూటర్ మీద ఇంటి దగ్గర దింపి వచ్చేవాడు. కానీ హెడ్డాఫీసు వాళ్ళు ప్రతి ఉదయం చూసేది ఒక్కటే అంకె, ఏ బ్రాంచీలో ఎన్ని పనులు పైన మిగిలిపోయాయని. ఆ అంకె సున్నా అయితే ఆయనకు మెప్పు. అందుకని సాయంత్రం అయ్యేసరికి మా వెనక తిరుగుతూ "కిందకి దించేయండమ్మా, కిందకి దించేయండి" అనేవాడు. మెకానిక్ వెళ్ళొస్తే పూర్తి. వెళ్ళకపోయినా ఫోన్లో ఏదో ఒక సలహా చెబితే పూర్తి. కిందకి దిగిన దాన్ని మళ్ళీ ఎవరూ చూసేవారు కాదు.

ఇక అసలు సంగతి. కూచిపూడి దాటి కాస్త లోపలికి వెళితే ఒక ఊళ్ళో చిన్న నర్సింగ్ హోము ఉండేది. ఒక డాక్టరమ్మ నడిపేది. చుట్టుపక్కల ఊళ్ళ కాన్పులన్నీ ఆవిడ చేతి మీదే. మా దగ్గర కొన్న జనరేటర్ కరెంటు పోగానే దానంతటదే స్టార్టవ్వాలి. ఆ సాఫ్ట్‌వేర్ వచ్చిన మూడో ఏడు, తొలకరిలో ఒకసారి అవ్వలేదు. డాక్టరమ్మ ఫోన్ చేసింది. మావాడు వెళ్ళి చూస్తే నొక్కగానే లేచింది. బాగానే ఉందని రాశాడు. ఆ వారమే హెడ్డాఫీసు నుంచి ఆవిడకు ఫోన్ వెళ్ళింది. మెకానిక్ చెప్పిన టైముకు వచ్చాడా అని అడిగారు. వచ్చాడంది. "సంతృప్తి: ఉంది" అని చరిత్రలోకి ఎక్కింది.

శ్రావణంలో మళ్ళీ అదే గొడవ. ఈసారి అక్కడి నర్సు చేసింది, తన నంబరు నుంచి. మావాళ్ళలో ఇంకొకడు వెళ్ళాడు. మళ్ళీ బాగానే ఉంది. తర్వాత కాంపౌండర్ చేశాడు, తన సెల్‌ఫోన్ నుంచి. అతని పేజీలో ఏ చరిత్రా లేదు కాబట్టి మొదటి ఫిర్యాదు కింద లెక్క. మొదటి ఫిర్యాదుకు మనిషిని పంపకుండా ఫోన్లోనే చెప్పమని అప్పటికి కొత్త రూలు వచ్చింది. బ్యాటరీ చూసుకోమని చెప్పారు. పూర్తి.

దీపావళి వెళ్ళాక తుఫాను పట్టింది. తీరం దాటేది ఎక్కడో ఒంగోలు వైపన్నారు గానీ దివిసీమంతా గాలి, వాన. ఆ మధ్యాహ్నం బయటికి పంపడానికి వీల్లేక మెకానిక్కులందరూ షెడ్డులోనే ఉన్నారు. ఫోన్ మోగింది. నేనే ఎత్తాను.

"జనరేటర్ లేవట్లేదమ్మా. త్వరగా ఎవరినైనా లైన్లోకి పిలవండి" అంది డాక్టరమ్మ.

నంబరు కొట్టాను. పేజీ తెరుచుకుంది. చరిత్ర ఇలా ఉంది. దీపావళి శుభాకాంక్షలు, పూర్తి. కాంట్రాక్టు గడువు గుర్తుచేయడం, పూర్తి. దసరా శుభాకాంక్షలు, పూర్తి. వినాయక చవితి శుభాకాంక్షలు, పూర్తి. సంతృప్తి: ఉంది, పూర్తి. ఆ కింద, కనపడని ఆరో వరస, అసలు ఫిర్యాదు.

కొత్త ఫిర్యాదు రాయాలంటే ముందు ఒక గడి నింపాలి. అది నింపకపోతే సాఫ్ట్‌వేర్ ముందుకు కదలదు. ఆ గడిలో ఏముందో అదే అడిగాను.

"ఈ సమస్య గురించి మొదటిసారి ఫోన్ చేస్తున్నారా అండీ?"

అవతల గాలి హోరెత్తుతోంది.

"మొదటిసారా?" అంది డాక్టరమ్మ. అరవలేదు. అరిచినా బాగుండేది. "తొలకర్లో నేను చేశాను. తరవాత మా సిస్టర్ చేసింది. మొన్న మా కాంపౌండర్ చేశాడు. ప్రతిసారీ మీవాళ్ళు ఇదే అడిగారు. ఇప్పుడు టేబుల్ మీద మనిషి ఉందమ్మా. బిడ్డ అడ్డం తిరిగింది. బందరు తీసుకెళ్ళమందామంటే రోడ్డు మీద చెట్లు పడున్నాయి. టార్చిలైటు పట్టుకుని నేను కడుపు కొయ్యలేను. కొయ్యకపోతే ఇద్దరూ దక్కరు. మళ్ళీ మొదటినుంచీ చెప్పమంటారా?"

"అన్నీ చూపించు" నొక్కాను. తెర మధ్యలో చిన్న గడియారం బొమ్మ తిరగడం మొదలుపెట్టింది. అది తిరుగుతూనే ఉంది. ఆ బొమ్మను చూస్తుంటే నాకు ఏడుపు, కోపం రెండూ కలిసి వచ్చాయి. లేచి, షెడ్డు తలుపు తోసి, పాతకాలంలోలా కేక వేశాను.

"కూచిపూడి అవతల నర్సింగ్ హోముకి ఎవరెవరు వెళ్ళారు? వెళ్ళినవాళ్ళందరూ ఇటు రండి!"

ఇద్దరు వచ్చారు. ఫోన్లో సలహా చెప్పిన మూడోవాడూ వచ్చాడు. వాళ్ళ వెనకే మా సీనియర్ మెకానిక్, చేతులు తుడుచుకుంటూ.

"తొలకరప్పుడు నేనెళ్ళానండి. నేనెళ్ళేసరికి ఎండ కాసింది. నొక్కగానే లేచింది" అన్నాడు ఒకడు.

"నేనూ వెళ్ళా. ముందురోజంతా వానంట. నేను చూసినప్పుడు శుభ్రంగా ఉంది" అన్నాడు రెండోవాడు. వాడు మొదటివాడి వంక తిరిగి, "నువ్వెళ్ళావా అక్కడికి? నాకు తెలీదే" అన్నాడు.

"కాంపౌండర్ నాతో కూడా ముసురనే అన్నాడండి" అన్నాడు మూడోవాడు.

సీనియర్ మెకానిక్ అడిగాడు, "దాన్ని లేపే ప్యానెల్ పెట్టె ఎక్కడ బిగించారు?"

"వెనక మెట్ల కింద."

"చెమ్మ దిగుతోంది. లోపలి సర్క్యూట్ కార్డు తడిస్తే దానంతటది లేవదు. ఆరితే మామూలే. మీరెళ్ళినప్పుడల్లా ఆరిపోయుంటది" అని నా వైపు తిరిగాడు. "ఇంజన్ దగ్గర తాళంచెవితో నేరుగా లేపొచ్చు మేడమ్. అక్కడ ఎవర్నైనా కలపండి."

అయిదు నెలలుగా ఎవరికీ అంతుపట్టనిది, ముగ్గురు మనుషులు ఒకచోట నిలబడి ఒక్కో మాట చెప్పేసరికి తేలిపోయింది.

డాక్టరమ్మ ఫోన్ ఇంజన్ దగ్గరికి రాదు కనక, పక్క కంప్యూటర్లో కాంపౌండర్ సెల్‌ఫోన్ నంబరు వెతికి కలిపాను. దాన్ని అంతగా తిట్టినదాన్ని, ఈ మాట కూడా చెప్పాలి. ఆ నంబరు ఇచ్చింది ఆ సాఫ్ట్‌వేరే.

సీనియర్ మెకానిక్ రిసీవర్ అందుకున్నాడు. "బాబూ, ఇంజన్ పక్కన చిన్న తాళం రంధ్రం ఉంటది చూడు... ఆ, అదే. తాళంచెవి ఎక్కడుంది?... అదేంటయ్యా! కొన్నప్పుడు ఒక కవర్లో పెట్టిచ్చాం. డాక్టర్ గారినడుగు. పరిగెత్తు!"

మేమందరం ఆ రిసీవర్ వంకే చూస్తున్నాం. మేనేజర్ గారు కూడా తన గదిలోంచి వచ్చి నిలబడ్డారు. తాళంచెవి దొరికింది. తిప్పాడు. లేవలేదు. "భయపడకు, కాస్త ఆగి మళ్ళీ తిప్పు. వదిలెయ్యకుండా పట్టుకో" అన్నాడు మావాడు. అప్పుడు ఇంజన్ మోత, రిసీవర్ చెవికి దూరంగా ఉన్నా మా అందరికీ వినపడింది. "ఇప్పుడు గోడకున్న పెద్ద హ్యాండిల్ కిందకి లాగు. గట్టిగా. వచ్చిందా లైటు?... వచ్చిందంట!"

నేను నా సీటుకి తిరిగి వచ్చాను. నా తెర మీద ఆ గడియారం బొమ్మ ఇంకా తిరుగుతూనే ఉంది.

చీకటి పడకముందే నర్సు ఫోన్ చేసింది. ఆడపిల్ల, తల్లీ బిడ్డా క్షేమం. షెడ్డులో ఎవరో మిరపకాయ బజ్జీలు తెప్పించారు. నేను జరిగినదంతా పూసగుచ్చినట్టు రాసి, ప్యానెల్ మెట్ల కింద నుంచి మార్చాలని పైభాగంలో పెట్టి, చేతులు కడుక్కుని వచ్చేసరికి అది అక్కడ లేదు. చరిత్రలో ఉంది. "ఫోన్లో సలహా. పూర్తి."

మేనేజర్ గారి గదిలోకి వెళ్ళాను. "ఇదేంటండీ?"

"పనయిపోయింది కదమ్మా. పొద్దున్నే హైదరాబాద్ వాళ్ళు చూస్తారు."

"ప్యానెల్ ఇంకా మెట్ల కిందే ఉందండీ. వానా ఇంకా పడుతోంది."

"వాళ్ళు మళ్ళీ ఫోన్ చేస్తే అప్పుడు కొత్తది ఓపెన్ చేద్దాం" అన్నాడాయన, నన్ను ఊరడిస్తున్నట్టు.

మర్నాడు పొద్దున్నే హైదరాబాద్‌కు ఫోన్ చేసి ఆ తెల్ల చొక్కా కుర్రాడిని పట్టుకున్నాను. "సిస్టమ్ అలాగే డిజైన్..." అని మొదలుపెట్టాడు. "బాబూ, నువ్వు ఈసారి విజయవాడ వచ్చినప్పుడు నాతో ఒకచోటికి రావాలి. రాకపోతే నేను ఆ కంప్యూటర్ ముట్టుకోను. మీ పైవాళ్ళకి అదే చెప్పు" అన్నాను. నా గొంతులో ఏం వినపడిందో, వారంలోనే వచ్చాడు.

సీనియర్ మెకానిక్, ఆ కుర్రాడు, నేను సర్వీసు వ్యాన్లో బయల్దేరాం. ఉయ్యూరు దగ్గర చెరుకు ట్రాక్టర్ల వెనక చాలాసేపు ఇరుక్కుపోయాం. పామర్రు దాటాక దారి పొడుగునా వరి నేలకి పడుకుని ఉంది. కుర్రాడు కిటికీలోంచి అదే చూస్తూ కూర్చున్నాడు. మెకానిక్ వెళ్ళీ వెళ్ళగానే ప్యానెల్ విప్పి, లోపలి గదిలో గోడకు బిగించే పనిలో పడ్డాడు.

డాక్టరమ్మ చిన్న మనిషి. తల నెరిసింది. మమ్మల్ని కూర్చోబెట్టి కాఫీ ఇప్పించింది. కోపం ఉన్నట్టు లేదు, అలసట ఉంది. ఈ కుర్రాడే ఆ సాఫ్ట్‌వేర్ తయారుచేసిన వాళ్ళ తరఫున వచ్చాడని చెప్పాను.

"నాకు కంప్యూటర్ల సంగతి తెలీదు బాబూ" అంది. "ఒక్కటి చెప్పు. నా దగ్గరికొచ్చిన మనిషిని ముందు ఏమడుగుతానో తెలుసా? ఇది ఎన్నో కాన్పు, కిందటి కాన్పు ఎలా జరిగింది, అని. కిందటిసారి ప్రాణం మీదకొచ్చుంటే ఆ సంగతి కేస్ షీట్‌లో అన్నిటికంటే పైన, ఎర్ర సిరాతో రాసుంటుంది. నేను లేకపోయినా, ఆ పూట డ్యూటీలో ఉన్న పిల్ల అది చూడకుండా చెయ్యి వెయ్యదు. నిన్న చుట్టాలొచ్చి పళ్ళిచ్చి వెళ్ళారన్నది పైన రాసి, రక్తం పోయిందన్నది వెనక పేజీలో రాస్తే ఏమవుతుంది?"

కుర్రాడు కాఫీ గ్లాసు కింద పెట్టాడు. "మాకు ఇలా ఎవరూ చెప్పలేదండీ" అన్నాడు.

"నేను చెప్పాను" అన్నాను, పళ్ళు నూరుతూ.

"మీరు ఐదు వరసలు చాలవన్నారండీ. ఏది పైన ఉండాలో చెప్పలేదు" అన్నాడు. అది నిజమే కావచ్చు. అప్పుడు మాత్రం ఆ గ్లాసు వాడి నెత్తిన బోర్లించాలనిపించింది.

వెళ్ళేముందు డాక్టరమ్మ వాణ్ణి వార్డులోకి తీసుకెళ్ళింది. ఆ రోజు పుట్టిన పిల్ల ఇంకా అక్కడే ఉంది, తల్లి కుట్లు మానలేదని. వాడు గుమ్మంలోనే నిలబడి చూశాడు. తిరుగు ప్రయాణంలో తన సంచీలోంచి కాగితం తీసి, ఆ వ్యాన్ కుదుపుల్లోనే ఏవో గడులు గీస్తూ కూర్చున్నాడు.

పని అంత తేలిగ్గా అవలేదు. హెడ్డాఫీసులో మీటింగుల మీద మీటింగులు. పండగ శుభాకాంక్షలు కూడా కస్టమర్‌తో సంబంధమే కదా, వాటిని ఎందుకు తీయాలని ప్రచార విభాగం వాళ్ళు పట్టుబట్టారట. ఆ కుర్రాడు నాకు ఫోన్ చేసి తన గోడు వెళ్ళబోసుకునేవాడు. "వాళ్ళు వినట్లేదు మేడమ్, చెప్పిందే చెప్పాల్సొస్తోంది" అనేవాడు. నేను నవ్వకుండా ఉండటానికి చాలా కష్టపడేదాన్ని.

ఎట్టకేలకు మరుసటి వేసవిలో మారింది. శుభాకాంక్షలు, హెచ్చరికలు వేరే మూలకి పోయాయి. పేజీ మిషనుకు కట్టారు. ఏ నంబరు నుంచి ఎవరు చేసినా ఆ జనరేటర్ మీద వచ్చిన ఫిర్యాదులన్నీ ఒకదాని కింద ఒకటి, అన్నిటికంటే పైన, ఎర్ర అక్షరాలతో. ఏదీ నొక్కక్కర్లేదు. ఒకే ఇబ్బంది మళ్ళీ వస్తే "మళ్ళీ" అని పక్కనే పడేది.

మొదటి రోజు ఉదయం మేనేజర్ గారిని పిలిచి చూపించాను. ముందు నర్సింగ్ హోము పేజీ తెరిచాను. తర్వాత ఒక ఐస్ ఫ్యాక్టరీ. తర్వాత ఉయ్యూరు రైస్ మిల్లు. తర్వాత గుడివాడ కల్యాణ మండపం. ప్రతి పేజీలోనూ ఎరుపే. మళ్ళీ, మళ్ళీ, మళ్ళీ. ఏళ్ళ తరబడి మేము కిందకి దించేసినవన్నీ పైకి తేలి వచ్చాయి. ఆయన నా కుర్చీ వెనక నిలబడి కళ్ళద్దాలు సర్దుకుంటూ చదివారు. తర్వాత నా భుజం మీదుగా వంగి, గొంతు తగ్గించి అడిగారు.

"అమ్మా, ఇదంతా కస్టమర్లకి కనపడదు కదా?"

"కనపడదండీ" అన్నాను. "వాళ్ళకి గుర్తుంటుంది."